కూయని పుంజు: నిశ్శబ్దపు ఉదయాల్లో అమెరికా టర్కీ వేట

ఉత్తర అమెరికాలో అడవి టర్కీ కోడిని వసంతంలో వేటాడే తీరంతా పుంజు కూత చుట్టూ అల్లుకుని ఉంది. చీకటి విడవకముందే వేటగాడు అడవిలో ఒక మెరక మీద నిలబడి చెవి ఒగ్గుతాడు. చెట్టుకొమ్మ మీద రాత్రి గడిపిన పుంజు గొంతెత్తి ఒక్క గుక్కలో గలగలమని కూస్తుంది. వేటగాడు ఆ దిక్కుగా అలికిడి లేకుండా కొంత దూరం వెళ్ళి, లావుపాటి చెట్టుకు వీపు ఆనించి కూర్చుని, పెట్ట గొంతును అనుకరిస్తూ పిలుస్తాడు. ఆ పిలుపు వెతుక్కుంటూ పుంజు తుపాకీ దూరంలోకి వస్తుంది. పుస్తకాల్లో ఉండే వేట ఇది. అడవిలో మాత్రం కాకులు, గుడ్లగూబలు తప్ప మరో గొంతు వినబడని తెల్లవారుజాములు చాలా వస్తాయి. ఆ ఉదయాల్లో ఎక్కువమంది పక్షులు లేవనుకుని ఇంటికి పోతారు, లేదా ఉన్నా రావని విసుక్కుంటారు. ఈ రెండు అనుమానాలూ చాలాసార్లు తప్పు. పుంజు మౌనానికి ముఖ్యమైన కారణం దాని పక్కన పెట్టలు ఉండటం. కాబట్టి ఆ మౌనం వేటగాడికి దొరికిన ఒక సమాచారం. దాన్ని చదవడం తెలిసినవాడు చెవితో చేసే వేటను పక్కనపెట్టి, చోటు, వేళ లెక్కచూసి మాటువేస్తాడు.

ముందుగా పక్షి సంగతి. మెలియాగ్రిస్ గాలోపావో అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ కోడి నెమళ్ళు, కౌజులు, అడవికోళ్ళ కుటుంబానికే చెందింది. ఎదిగిన పుంజు 7 నుంచి 11 కిలోల దాకా తూగుతుంది. పెట్ట అందులో సగం. పుంజు ఎదమీద గుర్రపు వెంట్రుకల్లాంటి కుచ్చు వేలాడుతుంది, కాలికి ముల్లు ఉంటుంది. బోడి తల ఉద్రేకాన్నిబట్టి ఎరుపు, తెలుపు, నీలం రంగుల మధ్య మారుతుంది. నెమలిలాగే పురి విప్పుతుంది, రెక్కల కొసలు నేలకు రాస్తూ నడుస్తుంది. తూర్పు రాష్ట్రాల ఓక్ అడవుల్లో ఒక ఉపజాతి, ఫ్లోరిడా ద్వీపకల్పంలో ఓసియోలా, టెక్సస్ పరిసరాల్లో రియో గ్రాండే, పడమటి కొండల్లో మెరియమ్స్, మెక్సికో సరిహద్దుల్లో గూల్డ్స్ ఉపజాతులు ఉన్నాయి. మన సంతల్లో, ఫారాల్లో కనిపించే టర్కీ కోడి దక్షిణ మెక్సికోలో మచ్చికైన ఉపజాతి సంతానం. ఆ పెంపుడు పక్షి పోర్చుగీసుల ఓడల మీద గోవా చేరింది. 1612లో మొగలు అధికారి ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత పక్షుల్లో దాన్ని చూసి జహంగీర్ ముచ్చటపడ్డాడు, ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. టర్కీ దేశంతో సంబంధం లేని ఈ పక్షికి ఆ పేరు ఐరోపా వర్తకుల గందరగోళం వల్ల వచ్చింది. తెలుగువాళ్ళు దాన్ని అలాగే పుచ్చుకున్నారు. ఫారంలో నలుగురి మధ్య తిరిగే ఈ బద్ధకపు కోడిని చూసి అడవి టర్కీని ఊహించుకుంటే పొరపాటు. అడవి టర్కీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది, చెట్లమీదికి ఎగురుతుంది. తలకు రెండు పక్కలా ఉన్న కళ్ళతో, మెడ కాస్త తిప్పితే చాలు, తన చుట్టూ ఉన్నదంతా చూడగలదు. రంగుల తేడా బాగా పసిగడుతుంది. దాని వాసన శక్తి మాత్రం అంతంతమాత్రం. జింకల వేటగాళ్ళకున్న గాలివాటు బెంగ టర్కీ వేటగాడికి లేనిది అందుకే; అతడి భయమంతా తన ఒంటి కదలిక గురించే.

ఇప్పుడు మౌనం దగ్గరికి వద్దాం. ప్రకృతిలో పుంజు కూయడం పెట్టను రమ్మని చెప్పడానికి. పెట్ట ఆ కూత విని పుంజు దగ్గరికి నడుస్తుంది. వేటగాడు ఈ వరసను తలకిందులు చేస్తాడు: పెట్టలా పిలిచి, పుంజునే తన దగ్గరికి నడవమంటాడు. పెట్ట చుట్టుపక్కల లేని పుంజు ఈ బేరానికి ఒప్పుకోవచ్చు. పక్క కొమ్మ మీదే మూడు నాలుగు పెట్టలు నిద్రలేస్తుంటే ఇక ఎవరిని పిలవాలి? గొంతెత్తితే బాబ్‌క్యాట్, కయోటీ లాంటి వేటజంతువులకు తన చోటు చెప్పినట్టే అవుతుంది. అందుకే పెట్టలతో ఉన్న పుంజు తరచు చెట్టుమీద ఒకటి రెండుసార్లు కూసి ఊరుకుంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. నేలమీదికి దిగాక పురి విప్పి పెట్టల వెనకాలే తిరుగుతుంది. అప్పుడు దాని నుంచి వచ్చే చప్పుళ్ళు రెండు: ఉమ్మినట్టు ఒక చిన్న శబ్దం, దాని వెంటే దూరాన డప్పు మోగినట్టు లోతైన గుమగుమ. ఈ గుమగుమ కొద్ది దూరం దాటి వినిపించదు. చెవికంటే ఎదకు ముందు తెలుస్తుందని అనుభవజ్ఞులు అనడంలో అతిశయోక్తి లేదు, ఆ శబ్దం అంత తక్కువ స్థాయిలో ఉంటుంది. నిశ్శబ్దం అని మనం పేరు పెట్టిన ఉదయంలో పుంజు మాట్లాడుతూనే ఉండవచ్చు. వినే దూరంలో మనం లేమంతే.

ఈ మౌనం సీజనంతా ఒకేలా ఉండదు, పెట్టల గూటి పంచాంగాన్నిబట్టి మారుతుంది. పెట్ట నేలమీద, పొదచాటున గుంట చేసుకుని 10 నుంచి 12 గుడ్లు పెడుతుంది. సుమారు రోజుకు ఒకటి చొప్పున ఇందుకు రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో అది తెల్లవారగానే పుంజుతో కలిసి మేస్తుంది, పొద్దెక్కాక విడిపోయి గూటికి పోయి గుడ్డుపెట్టి వస్తుంది. గుడ్లు పూర్తయ్యాక 28 రోజుల పాటు పొదుగుతూ కూర్చుంటుంది, మేతకు కాసేపు లేవడం తప్ప కదలదు. దీన్నిబట్టి పుంజు దినచర్య ఊహించవచ్చు. పెట్టలు గుడ్లు పెట్టే వారాల్లో తెల్లవారుజాము నిండుగా, పొద్దెక్కిన వేళ ఒంటరిగా ఉంటుంది. పొదుగుడు మొదలైన వారాల్లో ఉదయం నుంచే ఒంటరితనం. వేకువన నోరు మెదపని పుంజే పదింటికి పెట్ట పిలుపు వినగానే గబగబా నడిచి రావడంలో వింతేమీ లేదు. పక్షి అదే, పరిస్థితి మారింది. సీజన్లో కూతలకు రెండు ఉధృతులు ఉంటాయని, మొదటిది జతకట్టే కాలం మొదట్లో, రెండోది పొదుగుడు ముమ్మరమైనప్పుడు అని పాత పుస్తకాలు చెప్పాయి. ఇటీవలి పరిశీలనలు అన్ని చోట్లా ఆ నమూనా ఒకేలా ఉండదని తేల్చాయి. పెట్టల గూటి పనికీ పుంజుల గొంతుకూ లంకె ఉందన్నది మాత్రం చెక్కుచెదరలేదు.

మౌనాన్నంతా పెట్టల మీదికి నెట్టడం కుదరదని ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. దక్షిణ కరోలినాలో అడవుల్లో స్వయంచాలక రికార్డర్లు పెట్టి, వేట జరిగే చోట్లనూ వేట లేని సవానా నది ప్రాంగణాన్నీ పోల్చి చూశారు. 2019లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, వేట సాగుతూ పుంజులు చచ్చేకొద్దీ వేట ఉన్నచోట కూతలు తగ్గాయి. వేట లేనిచోట కూతల తీరు పెట్టల గూటి కాలాన్ని అనుసరించింది. అంటే సీజన్ రెండో వారం తర్వాత జనం తొక్కిన ప్రభుత్వ అడవిలో నిశ్శబ్దానికి మనిషి కారణం కావచ్చు. కూసే పుంజులు ముందు చస్తాయి, మిగిలినవి కూయడం తగ్గిస్తాయి. వాతావరణం మరో కారణం. గాలి బలంగా వీచినా, వాన పడినా కూతలు పడిపోతాయి, ఉన్నవీ వినబడవు. మూడో కారణాన్ని వేటగాళ్ళు ఒప్పుకోవడం కష్టం: అది వాళ్ళ చెవి. ఆకు రాలిన మార్చి అడవిలో కిలోమీటరు దాటి వినిపించే కూత, చెట్లు చిగిర్చిన మే నెలలో మధ్యలో ఒక గుట్ట ఉంటే మూడు నాలుగు వందల గజాలకే అణగారిపోతుంది. అయినా ఈ కారణాలేవీ అసలు వాదాన్ని కొట్టిపారెయ్యవు. వేట ఒత్తిడి వల్ల మౌనమైన పుంజుకు కూడా పెట్టలు కావాలి, మేత కావాలి, పురి విప్పడానికి తెరిపి నేల కావాలి. నోరు మూసుకున్నా కాళ్ళు ఆ చోట్లకే తీసుకుపోతాయి. దక్షిణాది రాష్ట్రాల్లో పక్షులకు, వేటగాళ్ళకు కూడా జీపీఎస్ కట్టి చేసిన పరిశీలనల్లో వేటగాళ్ళు ఎక్కువగా రోడ్లు, బాటల దగ్గరే తిరుగుతున్నట్టు తేలింది. నిశ్శబ్దం గురించి ఫిర్యాదు చేసేముందు ఈ ముక్క గుర్తుంచుకోవడం మంచిది.

చోటు ఎంచుకోవడమే ఇక్కడ అసలు విద్య. అది వేట ఉదయాన మొదలుకాదు, ముందురోజు సాయంత్రం మొదలవుతుంది. పొద్దుగూకే వేళ పక్షులు ఏ లోయ వైపు చెట్లెక్కుతున్నాయో దూరం నుంచి చూసి పెట్టుకుంటే, తెల్లవారి అవి కూసినా కూయకపోయినా లెక్క ఒకటే. చాలామంది సాయంత్రం గుడ్లగూబలా అరిచి చూస్తారు. ఉలిక్కిపడ్డ పుంజు అసంకల్పితంగా బదులు కూస్తుంది. పెట్టను పిలిచే కోరిక లేనప్పుడు కూడా వచ్చే ఈ కూత చోటు తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి దానిలో అర్థం వెతకకూడదు. గురుతులు ఇంకా ఉన్నాయి. పుంజు రెట్ట సాధారణంగా కొస వంగి కొక్కెంలా, పెట్టది గుండ్రంగా ముద్దలా ఉంటుంది. ఇసుక బాట మీద పాదముద్రలకు అటూ ఇటూ గీతలు కనిపిస్తే అక్కడ పురి విప్పిన పుంజు రెక్కలు ఈడ్చిందన్నమాట. ఎండుటాకులు ఒక పక్కకు గోకిన గుట్టలు, మట్టిలో పొర్లిన గుంటలు పెట్టల జాడ చెబుతాయి. పెట్టలు మేసే చోటుకు పుంజు రాకతప్పదు. అందుకని మౌనపు రోజుల్లో పుంజును వెతకడం మాని పెట్టలను వెతకమని చెప్పే సలహా నా లెక్కన అన్నిటికంటే విలువైనది. వాన వెలిసిన ఉదయం పక్షులు గడ్డి బయళ్ళకు, పొలాల అంచులకు చేరతాయి; తడిసిన ఆకుల మీద శత్రువు అడుగుల చప్పుడు వినపడదు కాబట్టి కంటికి దూరం ఆనే చోటు వాటికి కావాలి. గాలి రోజున గుట్టకు గాలి తగలని వాలులో ఉంటాయి. ఎండ ముదిరాక నీడకు, గట్ల మీద పాత బండిబాటలకు మళ్ళుతాయి.

పిలిచే పద్ధతిలో కొత్త వేటగాడు చేసే తప్పు ఎక్కువ పిలవడం. పిలుపు పరికరాలకు అక్కడ పెద్ద చరిత్రే ఉంది. నాలుక మీద పెట్టుకునే పొర పరికరానికి 1867లోనే పేటెంట్ పుట్టింది. మూత రాపిడితో పలికే చెక్క పెట్టెకు 1897లో అర్కాన్సాస్‌కు చెందిన హెన్రీ గిబ్సన్ పేటెంట్ పొందాడు. పలక మీద పుల్లతో గీసేవి, టర్కీ రెక్క ఎముకతో చేసి నోటితో పీల్చి పలికించేవి కూడా వాడుకలో ఉన్నాయి. ఇన్ని సాధనాలు చేతిలో ఉంటే వాయించాలని చెయ్యి దురద పెడుతుంది. కానీ జవాబు రాని ఉదయాన గట్టిగా, పదేపదే పిలవడం అడవిలో ఏ పెట్టా చెయ్యని పని. ప్రశాంతంగా మేసే పెట్ట చేసే చప్పుళ్ళు చిన్నవి: ఆగి ఆగి ఒక క్లక్, సన్నని గురగుర, రెండు మూడు మెత్తని యెల్ప్‌లు. వీటితోపాటు చేత్తో ఎండుటాకులను రెండు మూడుసార్లు గోకితే మేస్తున్న కోడి బొమ్మ పూర్తవుతుంది. ఆకులు కదిలిన చప్పుడును నమ్మకపోవడానికి పక్షి దగ్గర కారణం లేదు, అది ఏ వేటగాడి పరికరంలోనూ పుట్టదు. ఇలా ఒకసారి పిలిచి పదిహేను, ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి. మౌనంగా ఉన్న పుంజు మౌనంగానే వస్తుంది. వెనకనుంచో పక్కనుంచో, నాలుగడుగులు వేసి ఆగుతూ వస్తుంది. తుపాకీ మోకాలి మీద ముందే ఆనించి ఉండాలి, తల తిప్పే పని కళ్ళు చెయ్యాలి. ఒక చోట గంటకు తక్కువ కూర్చోవడం కూర్చోనట్టే. లేవాలని మనసు చెప్పాక మరో అరగంట కూర్చునేవాడికే లేచినవాడు చెదరగొట్టిన పుంజు దక్కుతుందని అక్కడి పెద్దలు హాస్యంగా అంటారు.

దీనికి ఎదురువాదం గట్టిదే. ఒకచోట గంటలు గడపడం కంటే నాలుగు గుట్టలు తిరిగి ప్రతిచోటా పిలిచి చూస్తే, ఎక్కడో ఒక ఒంటరి పుంజు బదులిచ్చే అవకాశం ఎక్కువ కదా? వందల హెక్టార్ల అడవి చేతిలో ఉండి, పెట్టలు పొదుగుతున్న వారాల్లో అయితే ఈ లెక్క నిజమే. పొద్దెక్కాక ఒంటరి పుంజులు అంతటా చెదిరి ఉంటాయి, తిరిగేవాడికి ఏదో ఒకటి తగులుతుంది. పెట్టలు ఇంకా గుడ్లు పెట్టే వారాల్లో, చిన్న అడవిలో, జనం తొక్కిన నేలలో ఇదే పద్ధతి వికటిస్తుంది. బదులివ్వని పుంజు వినలేదని అర్థం కాదు. అది విని, పెట్టలను వదిలి రాలేక, గంట తర్వాత తీరికయ్యాక ఆ చోటును వెతుక్కుంటూ వస్తుంది. అప్పటికి పిలిచినవాడు మూడో గుట్ట మీద ఉంటాడు. దానికంటే ముఖ్యం, కదిలే మనిషిని ఈ పక్షి మనం దాన్ని చూడకముందే చూస్తుంది. నడిచి కనుక్కోవాలనుకున్నవాడు ఆ నడకలో ఎన్ని పక్షులను తరిమేశాడో లెక్క తెలియకుండానే ఇంటికి వెళ్తాడు. పుంజు పెట్టలతో దూరంగా మేస్తూ కనిపిస్తే ఇంకో ఉపాయం ఉంది: పుంజును వదిలేసి, గుంపులో పెత్తనం చేసే పెట్ట ఏ తీరున అరుస్తుందో అదే తీరున దానికి మాటకు మాట అందించడం. పెత్తనం పోతుందన్న కోపంతో ఆ పెట్ట వస్తే వెనకాలే పుంజు వస్తుంది. ఒక్కోసారి పెట్ట తన గుంపును ఎత్తుకుపోతుంది కూడా. కోళ్ళు పెంచిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ పెత్తనాల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

మరో అభ్యంతరం నీతికి సంబంధించింది. కూతకు బదులుగా కూత, పిలుపుకు బదులుగా రాక: ఈ సంభాషణే టర్కీ వేట, మాటువేసి కాల్చడం వేట కాదు అని ఒక సంప్రదాయం వాదిస్తుంది. 1914లో చార్ల్స్ జోర్డన్ రాతప్రతుల ఆధారంగా ఎడ్వర్డ్ మెకిల్హెన్నీ తెచ్చిన పుస్తకం నుంచి, 1973లో టామ్ కెల్లీ రాసిన ‘టెన్త్ లీజియన్’ దాకా ఈ వేటకు ఉన్న సాహిత్యం వేటగాడి కడుపుకంటే అతడి చెవిని ఎక్కువ గౌరవించింది. పొలం గట్టున గుడారం వేసుకుని, దీమం బొమ్మలు నిలబెట్టి, ఫోను చూస్తూ గంటలు గడిపే పద్ధతిని వాళ్ళు ఈసడించుకోవడం అర్థమవుతుంది. ఇక్కడ చెప్పిన మాటు మాత్రం అది కాదు. జాడ చదివి, గూటి కాలం లెక్కవేసి, పెట్ట చేసే చిన్న చప్పుళ్ళను చేస్తూ కూర్చోవడంలో సంభాషణ తెగిపోలేదు. ఒకరు గట్టిగా పలకడం లేదంతే. దీమం బొమ్మల వాడకంపై రాష్ట్రాలే పరిమితులు పెడుతున్నాయి: 2022లో అలబామా సీజన్ మొదటి పది రోజులు వాటిని నిషేధించింది, సీజన్ ప్రారంభాన్ని మార్చి 25కు జరిపింది. పుంజు తోక పురిని అడ్డుపెట్టుకుని పాకుతూ పక్షి మీదికి పోయే పద్ధతి గురించి మాత్రం వాదన అనవసరం. దూరం నుంచి మరో వేటగాడికి అది నిజమైన పుంజులా కనిపిస్తుంది.

ప్రమాదం మాట వచ్చింది కాబట్టి దాన్ని దాటెయ్యకూడదు, ఎందుకంటే మౌనపు ఉదయాల్లోనే అది పెరుగుతుంది. నిజమైన పక్షులు కూయనప్పుడు అడవిలో వినిపించే పెట్ట గొంతుల్లో మనుషులవి ఎన్నో. అలాంటి గొంతు వైపు పొంచి నడిచేవాడు మరో వేటగాడి మీదికి నడుస్తున్నాడు. పెన్సిల్వేనియాలో వసంతకాలపు టర్కీని పిలిచి రప్పించడం తప్ప, దాని మీదికి పొంచి వెళ్ళడం చట్టవిరుద్ధం. పుంజు తల రంగులైన ఎరుపు, తెలుపు, నీలం బట్టలు, చేతిరుమాలుతో సహా, ఒంటిమీద ఉండకూడదన్నది అన్నిచోట్లా నేర్పే నియమం. భుజాలకంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించడం సౌకర్యం కోసం కాదు, వెనకనుంచి వచ్చే గుళ్ళ నుంచి కాపాడుకోవడానికి. మరో మనిషి కనిపిస్తే చెయ్యి ఊపకూడదు, గట్టిగా మాట్లాడాలి. ఎదమీది కుచ్చు స్పష్టంగా కనిపించకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

ఇంత లెక్కలు వేసి వేటాడే పక్షి ఒకప్పుడు దాదాపు తుడిచిపెట్టుకుపోయిందన్న సంగతి తెలిస్తే, నియమాలు ఎందుకంత బిగువుగా ఉంటాయో అర్థమవుతుంది. అడవుల నరికివేత, అదుపులేని వేట వల్ల 1920 నాటికి అది పూర్వం ఉన్న 39 రాష్ట్రాల్లో 18 చోట్ల కనుమరుగైంది. తుపాకులు, తూటాల మీద పన్నును వన్యప్రాణి సంరక్షణకు మళ్ళించిన 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం, 1950ల నుంచి వలలను తుపాకీమందుతో ఎగరేసి పక్షులను పట్టి కొత్తచోట్ల వదిలిన ప్రయత్నం, 1973లో ఏర్పడిన జాతీయ అడవి టర్కీ సమాఖ్య కృషి కలిసి వాటిని అలాస్కా తప్ప అన్ని రాష్ట్రాల్లో నిలబెట్టాయి. అయినా 2000 తర్వాత ఆగ్నేయ రాష్ట్రాలు చాలావాటిలో సంఖ్య మళ్ళీ తగ్గుముఖం పట్టింది. అక్కడ కొన్ని నిశ్శబ్దాలు నిజంగానే పక్షులు లేని నిశ్శబ్దాలు. రెట్ట, అడుగుజాడ, గోకిన ఆకులు మూడూ కనిపించని చోట ఎంత ఓర్పు ఉన్నా ఫలితం సున్నా, ఆ చోటు వదిలెయ్యడమే సరి. జాడలు ఉండి కూత లేనిచోట మాత్రం పొద్దెక్కేదాకా కూర్చోవాలి, చట్టం ఒప్పుకున్నంతసేపు. పెన్సిల్వేనియాలో సీజన్ మొదటి వారాల్లో మధ్యాహ్నం 12 గంటలకే వేట ఆపాలి. పెట్టల్లో ఎక్కువ భాగం పొదుగుడులో కూర్చునే మే నెల రెండో సగంలో మాత్రం రోజంతా అనుమతి ఉంటుంది.